ఓద్వా మోకాలు

మా వీధివాళ్ళకి మాట్లాడటం రాదంటే నేనొప్పుకోను. నెవిల్ గారి ముసలి కుక్కకి మూత్రపిండంలో రాయి పుడితే, ఆ రాయి గురించి నాలుగిళ్ళవాళ్ళు వానలో గొడుగులేసుకుని మరీ మాట్లాడుకున్నారు. చెత్తబండి రాకపోతే మాట, కరెంటు కోత వేళలు మారితే మాట. ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి నోళ్ళూ ఒకేసారి పడిపోతాయి. మా అబ్బాయి ఓద్వాకి పదహారేళ్ళు నిండిన ఆ చలికాలం, ఆ ఒక్క సంగతి మా ఇంట్లోకి వచ్చి బైఠాయించింది.

ఆ వీధిలో నల్లవాళ్ళ ఇల్లు మాదొక్కటే. ఓద్వా మూడో తరగతిలో ఉండగా వచ్చాం. వచ్చిన కొత్తలో అందరూ కేకులు పట్టుకొచ్చారు, అబద్ధమెందుకు చెప్పాలి. చిన్నప్పుడు వాణ్ణి ముద్దు చెయ్యని ఇల్లు లేదు. వాడు వాళ్ళ నాన్నంత ఎత్తు పెరిగాక ఆ ముద్దులు ఎక్కడికి పోయాయో ఎవరూ చెప్పలేదు.

మా కేప్‌టౌన్‌లో చలికాలమంటే జూన్, జూలై; వానలు పడేది అప్పుడే, కొండదారుల్లో పరుగు పందాలు జరిగేదీ అప్పుడే. స్కూల్లో ఓద్వాని మించి పరిగెత్తేవాడు లేడు. జూలై ఆఖర్లో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ. "రోజూ తెల్లారేలోపు పరిగెత్తనివ్వండి చాలు, ఈ ఏడు మీవాడిది ఖాయం" అన్నాడు కోచ్. ఇక వాడికి అదే లోకమైపోయింది. ఉప్పు అందుకోమన్నా ఆ జట్టు ఊసే ఎత్తేవాడు.

జూన్‌లో ఒక సాయంత్రం పక్కింటి గ్లెండా వచ్చింది. మా అమ్మ పోయినప్పుడు వారం రోజులు వండి పంపిన మనిషి. అందుకే ఆమె మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ వారం వంటలన్నీ గొంతుకి అడ్డం పడతాయి.

"తోజామా, ఇది మన ఓద్వాకి" అంటూ సంచిలోంచి పసుపుపచ్చగా మెరిసిపోయే చేతుల్లేని కోటు తీసింది. రోడ్డు పనివాళ్ళు వేసుకుంటారే, అలాంటిది. "చీకట్లో పరిగెడుతున్నాడు కదా. కార్లవాళ్ళకి కనబడాలి."

"నీకెందుకీ శ్రమ, గ్లెండా!"

"శ్రమేముంది? వెనకాల స్కూలు పేరు కూడా పెద్దక్షరాలతో వేయించాను."

కార్లవాళ్ళు స్కూలు పేరు చదివి గుద్దడం మానేస్తారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. టీ ఇచ్చాను. గ్లెండా కొడుకు కాలమ్ మావాడి ఈడువాడే, మావాడి స్నేహితుడే. అదే చీకట్లో, నల్ల బట్టలేసుకుని, లైటు లేని సైకిలు మీద ఈతకి పోతాడు. టీ తాగుతున్నంతసేపూ ఆ సైకిలు నా నాలుక చివర తిరుగుతూనే ఉంది.

ఆమె వెళ్ళాక ఓద్వా ఆ కోటుని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. "కాలమ్‌కి కూడా ఒకటి కొన్నదా?"

"నాకేం తెలుసురా?"

"నీకు తెలుసు" అన్నాడు వాడు.

"చీకటి, వాన. వేసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మా ఆయన మోండే, పేపర్లోంచి తలెత్తకుండా.

మోండే ఆ ఏడే వీధి గస్తీలో చేరాడు. గస్తీ పెద్ద నెవిల్ గారు. ఓడరేవులో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి. చేతిలో టార్చి, నడుముకి లైసెన్సున్న పిస్తోలు, జేబులో ఊళ్ళో కుక్కలన్నిటికీ బిస్కట్లు. ఇంటికొక చేతిరేడియో ఇచ్చారు. ఆ రేడియోలో రంగు మాట పలకకూడదట, బాగుండదట! అందుకని ఇంగ్లీషులో రంగు పేరుకి మొదటి అక్షరం ఏదైతే, దానికి సైనికులు వాడే మాట వాడతారు. నల్లవాడైతే బ్లాక్‌లో బి, అంటే బ్రావో. తెల్లవాడైతే వైట్‌లో డబ్ల్యూ, అంటే విస్కీ. మా రేడియో వంటింటి కిటికీలో ఉండేది. నేను ఉల్లిపాయలు వేయిస్తుంటే అది గొణిగేది: మూలమలుపు దగ్గర బ్రావో, భుజాన సంచి. బస్టాపులో ఇద్దరు బ్రావోలు, ఊరికే నిలబడ్డారు. బస్టాపులో నిలబడక పడుకుంటారా? విస్కీ అన్న మాట మాత్రం నేనా రేడియోలో ఒక్కసారీ వినలేదు. తెల్లవాళ్ళెవరూ మా వీధిలో నడవనే నడవరేమో!

ఒక రాత్రి భోజనాల దగ్గర ఓద్వా అడిగాడు. "నాన్నా, నువ్వు కారు దిగి మన గేటు తీస్తావే, అప్పుడు నువ్వు బ్రావోవేనా?"

"నేను గస్తీవాణ్ణి."

"రేడియో చేతిలో లేనప్పుడో?"

"బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి, తిను."

"వాడడిగేదాంట్లో తప్పేముంది, భేలే?" అన్నాను. భేలే అన్నది వాళ్ళ వంశం పేరు. నేనలా పిలిచానంటే బుజ్జగిస్తున్నానన్నా అనుకోవాలి, పోట్లాటకి దిగుతున్నానన్నా అనుకోవాలి.

"తోజామా, మనం ఇక్కడ బతకాలి. ప్రతిదీ తవ్వుకుంటూ కూర్చుంటే చివరికి గొయ్యే మిగులుతుంది."

"తవ్వకపోతే?"

"ఇల్లు మిగులుతుంది" అన్నాడు మోండే. చర్చ అయిపోయింది. మా ఇంట్లో చర్చలు అలాగే అయిపోతాయి.

జూలై మొదటి శనివారం. తెల్లారకముందే ఓద్వా వానకి స్వెటరు ముసుగు తలమీదికి లాక్కుని పరుగుకి పోయాడు. పసుపు కోటు తలుపు వెనక కొక్కానికే ఉంది. అంతకుముందే మోండే, నెవిల్ గారి బండిలో గస్తీకి పోయాడు. వెలుగు వచ్చేవేళకి ముగ్గురూ ఒకే బండిలో తిరిగొచ్చారు. ఓద్వా వెనక సీట్లోంచి దిగి, తడిసిన బూట్లతోనే నన్ను దాటుకుని లోపలికి పోయి స్నానాలగది తలుపు వేసుకున్నాడు.

నెవిల్ గారు బండిలోంచే కేకేశారు. మనిషి మహా ఉషారుగా ఉన్నారు. "తోజామా! మీవాడు ఇవాళ మాకు భలే పని పెట్టాడు! గ్లెండా రేడియోలో చెప్పింది, బ్రావో, తలమీద ముసుగు, పరిగెడుతున్నాడు అని. మేం పోయి బండి అడ్డం పెట్టి టార్చి వేశాం. తీరా చూస్తే ఎవరు? మన ఓద్వా! రెండు చేతులూ పైకెత్తేశాడు, అచ్చం సినిమాలోలాగా! నవ్వలేక చచ్చామనుకో. కదా మోండే?"

మోండే నవ్వాడు.

"గ్లెండానా?" అన్నాను.

"పాపం, కళ్ళజోడు పెట్టుకోలేదట."

గోడవతల నుంచి దగ్గు వినబడితే అది మోండేదా ఓద్వాదా అని చెప్పగలదు గ్లెండా. దానికి కళ్ళజోడెందుకు?

స్నానాలగది తలుపు కొట్టాను. "ఒరే, ఏమైందిరా?"

"ఏం లేదు."

"నెవిల్ గారు చెప్పారు."

"చెప్పారుగా మరి" అన్నాడు. తర్వాత నీళ్ళ చప్పుడు.

సోమవారం వాడు పరుగుకి లేవలేదు. మోకాలు నొప్పన్నాడు. మంగళవారమూ మోకాలే. వాడు అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు, మోండేకి తెలుసు, మాకు తెలుసని వాడికీ తెలుసు. అయినా మోండే వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు! డాక్టరు వంచి చూసి, నొక్కి చూసి, ఏమీ కనబడక, ఎదిగే వయసు కదా అన్నాడు. నేను రోజూ రెండుపూటలా ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. గ్లెండా సంగతి తెలిసి పరుగున వచ్చింది, పసుపు వేసిన పాలు తాగించమంది. నెవిల్ గారు గుర్రాలకి రాసే మందు సీసా పంపించారు. ఎదురింటావిడ వాళ్ళ తమ్ముడి మోకాలి ఆపరేషన్ కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆహా, ఆ మోకాలు దొరికాక మా వీధికి ఎంత హాయి! ఇన్నాళ్ళకి ఓద్వా గురించి అందరూ గట్టిగా మాట్లాడుకోగలిగే విషయం ఒకటి దొరికింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటారే, మా వీధంతా కలిసి ఆ ముడి వేసి మూడు వారాలు బిగించి పట్టుకుంది.

వాడు మాత్రం నాన్నతో మాట్లాడటం మానేశాడు. పోట్లాడి మానేస్తే నేను మధ్యలో దూరేదాన్ని. మర్యాదగా మానేశాడు. అడిగితే అవును, కాదు. మోండే గదిలోకి వస్తే వాడు మెల్లగా లేచి ఇంకో గదిలోకి పోయేవాడు, పోతూ పోతూ కుంటేవాడు కూడా. ఒక్కోరోజు కుంటేది కుడికాలు, ఒక్కోరోజు ఎడమకాలు. ఎవరూ అడగలేదు.

"ఆ రోజు నువ్వెందుకు నవ్వావు?" అని మోండేని ఒకసారి అడిగాను.

"ఏడవమంటావా?" అన్నాడు, రేడియో ఛార్జింగ్‌కి పెడుతూ.

ఎంపిక పోటీ జరిగిన శనివారం ఓద్వా దుప్పటి ముసుగెట్టి పడుకున్నాడు. కోచ్ ఫోను మీద ఫోను చేశాడు. నేనే తీసి మోకాలని చెప్పాను. ఫోను పెట్టేశాక ఆ గుర్రాలమందు సీసాని చెత్తబుట్టలోకి విసిరికొట్టాను. పగలనైనా పగల్లేదు, దిక్కుమాలిన సీసా.

మర్నాడు మధ్యాహ్నం గ్లెండా ఇంట్లో విందు. వెనక వసారాలో రేకుల కింద బొగ్గులు రాజేసి మాంసం కాలుస్తున్నారు. బయట వాన. గస్తీ ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. ఓద్వా, కాలమ్ పళ్ళాలు పట్టుకుని నిప్పు దగ్గర నిలబడ్డారు.

"మోకాలెలా ఉంది, నాన్నా?" అని గ్లెండా వాణ్ణి ప్రేమగా అడిగింది. నిజంగా ప్రేమే. అదే నాకు మండించింది.

"వాడి మోకాలికేం కాలేదు, గ్లెండా" అన్నాను.

నేను గట్టిగా అనలేదు. అయినా అందరూ విన్నారు.

"పరిగెత్తితే మళ్ళీ ఎవరైనా రేడియోలో చెబుతారని మానేశాడు. చెప్పింది నువ్వు. ఏడేళ్ళుగా కళ్ళముందు తిరిగిన పిల్లాడు నీకు ఒక్క రాత్రిలో బ్రావో అయిపోయాడు. అదే చీకట్లో నీ కొడుకు సైకిలు మీద పోతే ఎవరైనా రేడియో ఎత్తారా? వాడు తెల్లవాడు, మావాడు నల్లవాడు. ఈ ముక్క అనడానికి మీకు సైనికుల భాష కావాలా?"

"ఇక్కడ రాజకీయాలెందుకమ్మా" అన్నారు నెవిల్ గారు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. "మాలో అలాంటివాళ్ళెవరూ లేరు."

గ్లెండాకి ఏడుపు మొదలైంది. మామూలు ఏడుపు కాదు, వెక్కిళ్ళు. "నా గురించి అలా అనుకుంటున్నావా తోజామా? నేను? మీ అమ్మ పోయినప్పుడు..." అంతే. వసారా అంతా ఆమె చుట్టూ చేరింది. ఒకరు నీళ్ళు, ఒకరు కుర్చీ. ఎదురింటావిడ నా వైపు చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. ఇక నేనేం చేశానో చెబితే నవ్వుతారు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వీపు నిమురుతూ, "నిన్ను కాదులే గ్లెండా, ఊరుకో" అన్నాను! దెబ్బ తిన్నది నా కొడుకు, ఏడ్చేది ఆమె, ఓదార్చేది నేను.

గ్లెండా కళ్ళు తుడుచుకుని తలెత్తింది. "మోండే, నువ్వక్కడే ఉన్నావు కదా. నువ్వూ నవ్వావట కదా. నువ్వు చెప్పు, అంత పెద్ద విషయమా అది?"

అందరూ మోండే వైపు తిరిగారు. నిప్పు దగ్గర నుంచి ఓద్వా కూడా చూశాడు. మూడు వారాల తర్వాత వాడు నాన్న మొహంలోకి సూటిగా చూడటం అదే. ఒక్క మాటంటే చాలు, వాడు మళ్ళీ మాకు దక్కుతాడనిపించింది నాకు.

"చిన్న విషయం" అన్నాడు మోండే. "తోజామా అలిసిపోయింది. వదిలేయండి."

ఓద్వా పళ్ళెం కింద పెట్టి, కాలమ్ పిలుస్తున్నా ఆగకుండా వానలోకి వెళ్ళిపోయాడు. ఏ కాలూ కుంటలేదు. మేం ఇంటికి చేరేసరికి బట్టల సంచి సర్దుకుని, వ్యాన్ టాక్సీ ఎక్కి, నల్లవాళ్ళుండే పేట గుగులేతులో మా అత్తగారింటికి పోయాడు.

తలుపు వేసీ వెయ్యకముందే నేను విరుచుకుపడ్డాను. "చిన్న విషయమా? సిగ్గు లేదూ నీకు? కన్నకొడుకు చేతులెత్తి నిలబడితే నవ్వావు, ఇవాళ వాడు నీ నోటివంక చూస్తుంటే..."

"నెవిల్ చెయ్యి నడుం మీదుంది" అన్నాడు మోండే.

"పిస్తోలు మీదా?" అన్నాను.

"టార్చి ఎడంచేతిలో. కుడిచెయ్యి కోటు కింద. ముసుగులో ఉన్నది మనవాడని నాకే ముందు తెలిసింది. అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడేమోనని భయం. అడ్డం పోదామంటే నేనింకా బండి దిగలేదు. అందుకని నవ్వాను. పెద్దగా నవ్వాను. పక్కవాడు నవ్వుతుంటే మనిషి వదులవుతాడు కదా. ఆయనా నవ్వాడు. చెయ్యి బయటికొచ్చింది." మోండే తడికోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పటికీ ఆ నవ్వు ఆపితే ఏమవుతుందోనని భయంగానే ఉంది."

నాకు ముందు వచ్చింది కోపమే. "ఇది ఇందాక అందరి ముందూ చెప్పొచ్చుగా!"

"చెబితే? నెవిల్ మంచివాడంటారు. మంచివాడే. మన పైపు పగిలిననాడు పండగపూట భోజనం మానుకుని వచ్చి బాగుచేశాడు. అలాంటివాడి చెయ్యి ఎక్కడికి పోయిందో పదిమందిలో చెప్పి, మర్నాడు గేటు దగ్గర ఏ మొహంతో పలకరించను?"

"ఓద్వాకైనా చెప్పు."

"ఏమని చెప్పను, తోజామా? నీ ప్రాణం ఆయన వేలి మీద ఆగిందనా? ఏ తండ్రి చెబుతాడు ఆ మాట?"

రెండురోజుల తర్వాత రేడియో తిరిగిచ్చేశాడు. గేటు దగ్గర నేనూ ఉన్నాను. "ఆఫీసులో పని ఎక్కువైందండీ" అన్నాడు. "అయ్యో, ఒంట్లో జాగ్రత్త" అన్నారు నెవిల్ గారు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, మబ్బు వైపు చూశారు, ఈ ఏడు వానలు మంచివే అనుకున్నారు. ఆ గేటుకేసి నా తల బాదుకోవాలనిపించింది.

ఆ ఆదివారం నేనే మోండేని బయల్దేరదీసి గుగులేతు తీసుకుపోయాను. ఓద్వా అక్కడి నుంచే స్కూలుకి పోతున్నాడు. పొద్దున్నే ఆ వీధుల్లో మళ్ళీ పరిగెడుతున్నాడని, వెనకాల పిల్లలంతా అరుచుకుంటూ పరిగెడుతున్నారని మా అత్తగారు చెప్పింది. మొక్కజొన్నలూ చిక్కుడుగింజలూ కలిపి ఉడికించి, ముగ్గురి ముందూ పళ్ళాలు పెట్టింది. చెంచాల చప్పుడే.

"మీ పేటలో కోత కరెంటుకే అనుకున్నా, మాటలకి కూడానా?" అంది ముసలావిడ. "ఒరే మోండే, ఇంతదూరం వచ్చింది చిక్కుడుగింజల కోసమా?"

మోండే పళ్ళెంలోకి చూస్తూ మొదలుపెట్టాడు. టార్చి, కోటు, కోటు కింద చెయ్యి. "అందుకే నవ్వానురా" అన్నాడు చివరికి.

ఓద్వా చెంచా కింద పెట్టాడు. "చెయ్యి నేనూ చూశాను నాన్నా. అందుకే కదా చేతులెత్తాను. నువ్వెందుకు నవ్వావో తెలీలేదు. నన్ను చూసి నవ్వావనుకున్నా."

"నిన్ను చూసి నవ్వుతానా?" అన్నాడు మోండే. "మరి కదలకుండా నిలబడి చేతులెత్తాలని నీకెవరు చెప్పారు? నేనెప్పుడూ చెప్పలేదే."

"కాలమ్ చెప్పాడు."

"గ్లెండా కొడుకా?" అన్నాను.

"ఊ. కిందటేడు. గస్తీవాళ్ళు ఆపితే పరిగెత్తొద్దు, జేబులో చెయ్యి పెట్టొద్దు, ముసుగు సర్దుకోవద్దు, రెండూ పైకెత్తి నిలబడు. నన్నైతే ఏమీ అనర్రా, నిన్ను కాలుస్తారు, నువ్వు నల్లవాడివి అన్నాడు. సరిగ్గా వచ్చేదాకా వాళ్ళ గ్యారేజీలో నాతో చేయించాడు. వాడు టార్చి వేసేవాడు."

మోండే అరచేతుల్తో మొహం తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "ఆ పిల్లాడి చేతులు పట్టుకుని నేనో మాట చెప్పాలి. ఇప్పుడే పోయి చెబుతాను."

"వద్దు నాన్నా" అన్నాడు ఓద్వా. "వాళ్ళమ్మకి తెలిస్తే మళ్ళీ ఏడుస్తుంది. అమ్మ మళ్ళీ వెళ్ళి ఓదార్చాలి."